పెడల్ తొక్కింది పాప, తప్పు ఎవరిది?

ఈ వారం ఉత్తరం హనుమకొండ నుంచి వచ్చింది. రాసినవారి వయసు 39, ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. భార్య పరకాల దగ్గర ఒక బడిలో ఉపాధ్యాయిని, రోజూ బస్సులో వెళ్ళి వస్తారు. పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. నాలుగేళ్ళ కిందట ఆయన హైదరాబాదులో ఒకరి దగ్గర పాత శాన్ స్టార్మ్ కొన్నారు. పేరు వినని పాఠకుల కోసం చెబుతున్నాను: అది గోవాలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు తీసేసుకోవచ్చు, బాడీ ఫైబర్‌ది, లోపల ఉన్నది 1149 సీసీ రెనో ఇంజను. ఈయన బండి 2002లో రిజిస్టరైంది. కొన్నది రూ. 2.7 లక్షలకు, ఇంట్లో చెప్పింది మాత్రం లక్షన్నర అని.

మొదట్లో పనులన్నీ ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మేస్త్రీ చేసేవారట. ఈయన ఆయనను చాచా అంటారు, ఆయన ఈయనను బేటా అంటారు. ఏడాదిన్నర కిందట ఎండాకాలంలో ఇంజను వేడెక్కుతోందని మేస్త్రీ, ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టారు. ఈయన మాన్యువల్ చదివి, అది తీయకూడదని షెడ్డులో నలుగురు గిరాకీల ముందు గట్టిగా వాదించారు. "అయితే ఆ పుస్తకం చేతే చేయించుకో బేటా" అని మేస్త్రీ పని ఆపేశారు. ఆ రోజు నుంచి ఈయన ఆ షెడ్డు గడప తొక్కలేదు. పానాల పెట్టె కొనుక్కొని ఆదివారాలు వాకిట్లోనే పని మొదలుపెట్టారు. పాప పక్కన కూర్చొని పానాలు అందిస్తుంది. "12 పానా ఏదో, 13 పానా ఏదో అంకె చూడకుండానే చెప్పేస్తుంది" అని మురిపెంగా రాశారు.

రెండు నెలల కిందట బ్రేక్ ఆయిల్ మార్చారు. గత వానాకాలంలో సగం వాడి అటక మీద పెట్టిన డబ్బా తీశారు. ఆయన చక్రాల దగ్గర పాత ఆయిల్, గాలి బయటికి పోయే నిపిల్ విప్పుతుంటే పాప లోపల కూర్చొని పెడల్ తొక్కింది. తరువాతి ఆదివారం పాపను ఎక్కించుకొని భద్రకాళి గుడికి వెళ్ళి వస్తుండగా, ఒక మలుపు ముందు పెడల్ కాలి కింద నుంచి మెల్లగా నేలదాకా దిగిపోయింది. రెండు మూడుసార్లు కొట్టి తొక్కితే కొంచెం పట్టింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇల్లు కడుతున్న చోట పోసిన ఇసుక కుప్పలోకి బండిని పోనిచ్చారు. ఎవరికీ గీత కూడా పడలేదు. "అమ్మకు చెప్పకు, భయపడుతుంది" అని పాపతో అన్నారు. తొమ్మిదో రోజున పాప తల్లికి చెప్పేసింది.

భార్య అరవలేదట. బండి అమ్మమని కూడా అనలేదట. పాపను మాత్రం ఆ బండి దగ్గరికి వెళ్ళనివ్వడం లేదు, ఆయనతో ఆ మాటే ఎత్తడం లేదు. తండ్రి అమ్మేయమంటున్నారు. హైదరాబాదు నుంచి ఒకరు కొంటామని రెండుసార్లు ఫోను చేశారు. "అమ్మేయాలా? పని అంతా మేస్త్రీకి వదిలేయాలా? లేక నేనే చేసుకోవచ్చా? అసలు ఈ పని నా చేతికి రాదా? మీరైనా నిజం చెప్పండి" అని అడిగారు.

మీ ఉత్తరం వచ్చిన రోజు ఒకసారి, మర్నాడు ఉదయం ఇంకోసారి చదివాను. ఇరవై ఆరేళ్ళు ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పినవాడిని, అందుకని మొదటిసారి నా కళ్ళకు బ్రేకులే కనిపించాయి. మీ పాప రెండోసారి కనిపించింది. కానీ బ్రేకు సంగతి తేలితే తప్ప పాప సంగతి తేలదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు శ్రద్ధగా చూసి మూడు వివరాలు రాశారు. బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలో, అంటే రిజర్వాయర్‌లో, ఆయిల్ మట్టం తగ్గలేదు. నాలుగు చక్రాల్లో ఎక్కడా తడి లేదు. పెడల్ మెత్తగా, స్పంజిలా లేదు, కాలు నొక్కి ఉంచితే మెల్లగా కిందికి జారిపోయింది. లైనులో గాలి మిగిలితే పెడల్ స్పంజిలా ఆడుతుంది. ఎక్కడైనా కారితే మట్టం తగ్గుతుంది. ఈ రెండూ లేకుండా పెడల్ జారుతోందంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలే ఆయిల్ రబ్బరు వాషర్లను దాటి వెనక్కి పోతోందని అర్థం. బండిని చూడకుండా తీర్పు చెప్పకూడదు, కానీ మీరు రాసిన లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు నేను ముందుగా విప్పేది అదే.

మరి ఆయిల్ మార్చకముందు బాగానే పనిచేసిన సిలిండర్ మార్చిన వారానికే ఎందుకు పోయింది? ఇది కొత్తగా పని నేర్చుకునే ప్రతివారూ తెలుసుకోవలసిన సంగతి. మామూలుగా బండి నడిపేటప్పుడు పెడల్ కొంత దూరమే దిగుతుంది. సిలిండర్ లోపల పిస్టను కూడా ఆ మేరకే కదులుతుంది. ఏళ్ళ తరబడి రబ్బరు రాసుకుంటూ ఉంటుంది కాబట్టి సిలిండర్ గొట్టంలో ఆ భాగం నున్నగా ఉంటుంది. దాని అవతల పిస్టను ఎన్నడూ వెళ్ళని భాగం ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమతో అక్కడ తుప్పు, మడ్డి పేరుకుంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలకు తగిలేదాకా తొక్కితే రబ్బరు అంచు ఆ గరుకు మీదుగా పోయి చీరుకుంటుంది. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్ని రోజులకు పెడల్ జారడం మొదలవుతుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పాత జీపుకు ఇదే చేశాను. మర్నాడు దాన్ని నడిపింది నేను కాదు, మా గురువుగారు. గేటు దాటకముందే ఆయన పెడల్ తేడా పసిగట్టి ఆపేశారు. ఆ సాయంత్రం ఒక వేప చెక్క ముక్క తెచ్చి పెడల్ కింద పెట్టి చూపించారు. పెడల్ మామూలుగా దిగే చోటుకన్నా కిందికి పోకుండా ఆ చెక్క ఆపుతుంది, అంతే. పాత బండికి గాలి తీసేటప్పుడు అది లేకుండా పెడల్ మీద కాలు పెట్టవద్దని నేను ఆ తరువాత ప్రతి బ్యాచికీ చెప్పాను. అసలు పెడల్ తొక్కనవసరం లేని పద్ధతి కూడా ఉంది. నిపిల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, కొంచెం విప్పి, ఆయిల్‌ను దాని బరువుకు దాన్నే కారనిస్తూ పైన రిజర్వాయర్ ఖాళీ కాకుండా నింపుతూ ఉంటే చాలు. ఆలస్యమవుతుంది, కానీ పాత సిలిండర్‌కు హాని ఉండదు.

అటక మీది డబ్బా సంగతి కూడా చెప్పాలి. మూత తీసిన బ్రేక్ ఆయిల్‌ను ఒక వానాకాలం దాటించి వాడకూడదు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టాక ప్రమాణం ప్రకారమే అది 155 డిగ్రీలకు పడిపోవచ్చు. దిగుడు మీద వరసగా బ్రేకు వేస్తే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ కింద ఏమీ మిగలదు. మీ మొన్నటి ఘటనకు ఇది కారణమని నేననుకోవడం లేదు, రేపటి ఘటనకు కారణం కాకూడదని చెబుతున్నాను. చిన్న డబ్బా కొనండి, మిగిలితే పారేయండి, రెండేళ్ళకోసారి మార్చండి. బ్రేకు రబ్బర్లను కిరోసిన్‌తోనూ పెట్రోలుతోనూ కడిగే అలవాటు మన షెడ్లలో చాలాచోట్ల ఉంది. ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వాటిని శుభ్రమైన బ్రేక్ ఆయిల్‌తోనే తుడవాలి.

ఇప్పుడు పాప దగ్గరికి వస్తాను. మీ ఉత్తరం మూడో పేజీ అడుగున ఒక వాక్యం రాసి, వెంటనే కొనుగోలుదారు ఇస్తానన్న ధరలోకి వెళ్ళిపోయారు. ఆ వాక్యం ఇది: "ఆ వారం పాప రాత్రిపూట రెండుసార్లు, నేను సరిగా తొక్కలేదా నాన్నా అని అడిగింది, నిద్రపో అన్నాను."

దాన్ని మీరు మళ్ళీ చదువుకోండి. బ్రేకులకు గాలి తీసేటప్పుడు పెడల్ తొక్కింది తను. వారం తిరగకుండానే ఆ బ్రేకులే పోయాయి, బండిలో తను ఉంది. ఆ పైన నాన్న, అమ్మకు చెప్పవద్దన్నాడు. పదకొండేళ్ళ పిల్ల ఈ మూడింటినీ కలిపి ఏమని అర్థం చేసుకుంటుంది? తప్పు తనదేనని, తనను కాపాడడానికే నాన్న దాస్తున్నాడని అనుకుంటుంది. తొమ్మిది రోజులు ఆ బరువు మోసి, మోయలేక తల్లి దగ్గర దించుకుంది. "పాప మాట తప్పింది" అని మీరు ఒకచోట రాశారు. ఆ మాట వెనక్కి తీసుకోండి. తను తప్పిన మాట ఏదీ లేదు. అలాంటి మాట తన దగ్గర తీసుకోవడమే జరగకూడనిది.

మాస్టర్ సిలిండర్ గురించి పైన అంత వివరంగా రాసింది మీ కోసం మాత్రమే కాదు. పాపను కూర్చోబెట్టి, తల్లి కూడా ఉన్నప్పుడు, ఇదంతా తనకు అర్థమయ్యేలా చెప్పండి. నువ్వు పూర్తిగా తొక్కావు, ఎందుకంటే పూర్తిగా తొక్కమని నేనే చెప్పాను, పెడల్ కింద చెక్క పెట్టాలన్న సంగతి నాకు తెలియదు, నీ కాలు సరిగానే పనిచేసింది అని చెప్పండి. ఊరికే "నీ తప్పేం లేదులే" అంటే పిల్లలు నమ్మరు. కారణం చూపిస్తే నమ్ముతారు. పాత సిలిండర్ విప్పించాక ఆ చిరిగిన రబ్బరునూ, గొట్టం లోపలి గరుకునూ తన వేలితో తడిమి చూడనివ్వండి. అమ్మకు చెప్పవద్దనడం నా తప్పు, నువ్వు చెప్పి మంచి పని చేశావు అని కూడా తల్లి ఎదుటే అనండి. ఈ మాటలు పలకడం మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. వాటిని వాయిదా వేస్తే ఆ కష్టం పాపకు వెళుతుంది.

మీ శ్రీమతి మౌనాన్ని మీరు కోపం అనుకుంటున్నారు. ఆమె బండి అమ్మమని అడగలేదని మీరే రాశారు. అంటే ఆమె బాధ బండితో కాదు. బ్రేకులు పోవడం ఒక ప్రమాదం, ఎవరికైనా జరుగుతుంది. తన బిడ్డ ప్రాణం మీదికి వచ్చిన సంగతి తనకు తొమ్మిది రోజులు తెలియకపోవడం, ఆ దాపరికంలో బిడ్డనే భాగస్వామిని చేయడం ఆమెను గాయపరిచి ఉంటాయి. ఇంకొకటి, "రెండు సీట్ల బండిలో నాకూ బాబుకూ చోటెక్కడ" అని ఆమె కొన్నాళ్ళ కిందట అన్న మాటను మీరు పరిహాసంగా తీసుకున్నారు. ప్రతి ఆదివారం మీరూ పాపా వాకిట్లో, ఆమె బాబుతో లోపల. ఏడాదిన్నర ఆదివారాలు అలా గడిచాక ఆ మాట పరిహాసమని నేననుకోను.

ధర సంగతి కూడా ఇప్పుడే చెప్పేయండి. ఒకటి దాచారని తెలిసిన మనిషికి ఇంకా ఏం దాచారో అన్న అనుమానం సహజంగానే వస్తుంది. రూ. 2.7 లక్షలు అన్న అంకె ఎప్పుడో పాత రసీదులో ఆమెకు కనబడడం కన్నా మీ నోట వినడమే నయం. వినగానే ఇంట్లో మరో తుఫాను రావచ్చు, వస్తే రానివ్వండి. నాలుగేళ్ళ ఖర్చు ఒక పుస్తకంలో తేదీలతో రాసి ఆమె చేతికివ్వండి. బండి ఉంచుకుంటే ఇకముందు పెట్టే ప్రతి రూపాయీ, చేసే ప్రతి పనీ అందులోనే రాయండి. ఇది అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది.

మీరు అడగని ఒక విషయంలో మాత్రం ఇష్టం మీదేనని నేను అనలేను. జాకీ మీద బండిని లేపి, కింద గ్రానైటు ముక్కలు పెట్టి, దాని కిందికి దూరి పని చేస్తున్నానని రాశారు. మన దగ్గర గ్రానైటుకు కొదవ లేదు, కరీంనగర్ క్వారీల నుంచి తెగిన ముక్కలు ప్రతి వీధిలో దొరుకుతాయి, రాయి కదా గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది. గ్రానైటు సమానంగా పడే బరువును మోస్తుంది. ఒక అంచు మీద బరువు పడితే ముందు చిన్న శబ్దమైనా చేయకుండా పగులుతుంది. దాని నున్నటి ముఖం మీద ఇనుము జారుతుంది కూడా. జాకీ కేవలం పైకి లేపడానికే, నిలిపి ఉంచడానికి కాదు. ఒక జత ఇనుప స్టాండ్లు కొనండి, వాటిని మట్టి మీద కాకుండా గచ్చు మీద పెట్టండి, ఫైబర్ అంచు కింద కాకుండా ఇనుప చట్రం కింద ఆనించండి, విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికే దొర్లించి ఉంచండి. స్టాండ్లు వచ్చేదాకా కిందికి దూరకండి. పాప అక్కడ ఉన్నప్పుడు అసలే వద్దు.

మీ చేతికి ఈ పని రాదా అన్న ప్రశ్నకు జవాబు చెబుతాను. వస్తుంది. లీకు కోసం నాలుగు చక్రాలూ తడిమి చూసి, మట్టం గుర్తుపెట్టుకొని, పెడల్ ఎలా దిగిందో ఇంత తేడాగా రాయగలిగిన మనిషికి పని రాదని నేను అనను. మీకు లేనిది రెండో మనిషి కన్ను. నా జీపును ముందు మా గురువుగారు నడిపారు. మీ బండిని మీరే విప్పి, మీరే బిగించి, మీరే బాగుందనుకొని, పాపను ఎక్కించుకొని గుడికి వెళ్ళారు.

పని ఎంచుకునేటప్పుడు నేను పిల్లలకు ఒక ప్రశ్న నేర్పేవాడిని. ఈ పనిలో నా వల్ల తప్పు జరిగితే బండి ఆగిపోతుందా, ఆగకుండా పోతుందా? ఆగిపోయే పనులు మీరు ధైర్యంగా చేసుకోవచ్చు. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్యాటరీ, సీట్లు, పైకప్పు గుడ్డ, ఫైబర్ మీద పడ్డ చీలికలకు రెసిన్ పూయడం లాంటివి. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ జాయింట్లు, చక్రాల బేరింగులు రెండో రకం. వాటిని మీరు ముట్టుకోకూడదని కాదు, మీరొక్కరే చేసి మీరొక్కరే పాస్ చేసుకోకూడదు. పెట్రోలు గొట్టాలను కూడా నేను రెండో రకంలోనే వేస్తాను. ఇంజెక్షన్ బండిలో ఆ గొట్టంలో పెట్రోలు సుమారు 3 బార్ ఒత్తిడితో ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, 2002 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. గొట్టాలు ఉబ్బాయేమో, పగుళ్ళు ఉన్నాయేమో చూసి, ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించండి. ఫైబర్ బాడీకి నిప్పంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. సీటు వెనుక చిన్న అగ్నిమాపక సిలిండరు ఒకటి పెట్టుకోండి.

హెడ్‌లైటు రెపరెపలాడుతోందని మూడుసార్లు బల్బు మార్చానన్నారు. బల్బు దోషం అయి ఉండదు. ఇనుప బాడీ ఉన్న కార్లలో బాడీయే ఎర్త్‌గా పనిచేస్తుంది. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి లైటుకూ విడిగా ఎర్త్ తీగ చట్రం దాకా రావాలి. ఇరవై ఏళ్ళకు ఆ తీగ చివర్లు పచ్చగా చిలుము పడతాయి. వాటిని గరుకు కాగితంతో రుద్ది, కొత్త కొసలు వేసి బిగించండి. మీ బండికి మీరు చేసుకోగలిగిన పనుల్లో ఇంతకన్నా తృప్తినిచ్చేది ఉండదు, ఒక పూటలో లైట్లు, హారను అన్నీ కొత్త బండిలా పనిచేస్తాయి. పాపకు మల్టీమీటరు పట్టుకోవడం నేర్పడానికి కూడా ఇది మంచి పని. వాళ్ళ అమ్మ ఒప్పుకున్నాకే సుమా.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కొన్నప్పటి కాగితాల్లో లేదన్నారు. అయితే మార్చించండి, అది కిలోమీటర్లతోనే కాదు, వయసుతో కూడా పోతుంది. ఈ ఇంజనే రెనో క్లియో, ట్వింగో కార్లలోనూ వచ్చింది కాబట్టి సామాను వెతికేటప్పుడు స్టార్మ్ పేరుతో కాకుండా రెనో పార్టు నంబరుతో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ.

థర్మోస్టాట్ గొడవలో మీరు చెప్పిందే సరైనది. అది తీసేస్తే ఇంజను ఉండవలసిన వేడికి రాక, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మన మే నెల 44 డిగ్రీల ఎండలో బండి వేడెక్కితే చూడవలసినవి రేడియేటరు, ఫ్యాను, మూత. బోరు నీళ్ళు పోసి ఉంటే లోపల సున్నం గడ్డకట్టి ఉంటుంది. కడిగించి, డిస్టిల్డ్ వాటరు, కూలెంటు సగం సగం పోయండి. మాట సరైనదే కావచ్చు, కానీ నలభై ఏళ్ళుగా ఆ షెడ్డు మీద బతుకుతున్న పెద్దమనిషిని ఆయన గిరాకీల ముందు పుస్తకం తెరిచి తప్పు పట్టారు. ఆయన మీ మాట వినకపోవడానికి అది చాలు. మీరు ఆయన దగ్గరికి వెళ్ళకపోవడం వల్లనే బ్రేకు పని రెండో మనిషి కన్ను పడకుండా రోడ్డెక్కింది.

ఇక మీ ముందున్న దారులు. మేస్త్రీకే అంతా అప్పగిస్తే ఇంట్లో భయం తొందరగా తగ్గుతుంది, ఆదివారాలు ఖాళీ అవుతాయి. ఖర్చు పెరుగుతుంది, ఏడాదిన్నరగా మీరు నేర్చుకున్నది తుప్పు పడుతుంది. పైగా ఇలాంటి అరుదైన బండికి మాన్యువల్ చదివే మనిషి ఎవరో ఒకరు కావాలి, ఆయనకు ఆ ఓపిక లేదని మీకు తెలుసు. అమ్మేయడం కూడా అవమానం కాదు. అలా అయితే కొనేవారికి బ్రేకు సంగతి, బెల్టు సంగతి ముందే చెప్పండి, ధర తగ్గినా సరే. పేరు మార్పిడికి ఫారం 29, 30 ఇచ్చి, రికార్డులో పేరు మారిందని మీరే చూసుకోండి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే మీ మెడకే చుట్టుకుంటుంది. కానీ పాపకూ, శ్రీమతికీ చెప్పవలసింది చెప్పకుండా అమ్మితే బండి పోతుంది, ఆ మౌనం ఇంట్లోనే ఉంటుంది. పాప అయితే తన వల్లే నాన్న బండి పోయిందని కూడా అనుకుంటుంది. ఏదీ తేల్చుకోకుండా గుడ్డ కప్పి ఉంచేయడం అన్నిటికన్నా నష్టం. నిలబడ్డ బండికి టైర్లు ఒకవైపు అణుగుతాయి, పెట్రోలు పాతబడుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. 2027లో రిజిస్ట్రేషను పొడిగింపుకు తనిఖీకి తీసుకెళ్ళేసరికి మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది.

నా మనసు మొగ్గుతున్నది పని పంచుకోవడం వైపు. ఆగిపోయే పనులు మీవి, ఆగకుండా పోయేవి మేస్త్రీవి, ఆయన విప్పేటప్పుడు పక్కన మాన్యువల్ పట్టుకొని మీరు. బ్రేకు మీద ఎవరు పనిచేసినా రెండోవారు నడిపి చూడాలి: ముందు నిలబడ్డ చోటే పెడల్‌ను అరనిమిషం నొక్కి ఉంచి జారుతోందా అని, తరువాత ఖాళీ స్థలంలో 20 వేగంలో, ఆ తరువాతే రోడ్డు. పిల్లలు ఎప్పుడు ఎక్కాలన్నది మాత్రం మీ శ్రీమతి నిర్ణయమే కావాలి, ఆమె ఏడాది వద్దంటే ఏడాది. మొదటిసారి ఆ పక్క సీట్లో కూర్చోవలసింది బహుశా ఆవిడే. రామప్ప దాకా పోను సుమారు 65 కిలోమీటర్లు, పిల్లలను తాతయ్య దగ్గర వదిలి ఒక ఉదయం వెళ్ళి రావచ్చు. ఆమె రాననవచ్చు. అడగడమైతే అడగండి.

చాచా మిమ్మల్ని వెంటనే రానివ్వకపోవచ్చు కూడా. మొదటి రోజు బండి మాట ఎత్తకుండా వెళ్ళి, షెడ్డులో గిరాకీలు ఉన్నప్పుడే, ఆ రోజు అలా మాట్లాడి ఉండకూడదని చెప్పండి. నలుగురి ముందు అన్నదాన్ని చాటుగా సర్దుకుంటే సరిపోదు. థర్మోస్టాట్ గురించి ఆ రోజు మాట్లాడకండి. ఆయన టీ తెప్పిస్తే తాగండి. బ్రేకు ఎలా పోయిందో చెబితే, ఎంత కోపం ఉన్నా పాప బండిలో ఉందని విన్నాక ఆయన ఊరుకోరని నా నమ్మకం. మాస్టర్ సిలిండర్‌కు కిట్టు, అంటే కొత్త రబ్బర్ల సెట్టు, వేస్తే సరిపోతుందని ఆయన అనవచ్చు. గొట్టం లోపల గీతలు పడి ఉంటే కొత్త రబ్బరు కూడా నిలవదు. విప్పి ఇద్దరూ వేలు పెట్టి చూసి, గీత తగిలితే అదే కొలతది మొత్తం సిలిండరే మార్పించండి.

షెడ్డుకు తీసుకెళ్ళే రోజు బండిని నడుపుకుంటూ వెళ్ళకండి. నెమ్మదిగా పోతానులే, తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటుందిలే అనిపిస్తుంది, వద్దు. తాడు కట్టి లాగించడం అంతకన్నా వద్దు, ముందు బండి ఆగినప్పుడు మీది ఆగదు. చదునైన పళ్ళెం ఉన్న రికవరీ బండిని పిలిపించి దాని మీద ఎక్కించండి. ఆ ఖర్చును పుస్తకంలో మొదటి వరుసలో రాయండి.